రామదాసు లాంగ్ టర్మ్ బ్యాచ్

నీట్ మళ్లీ రాసే పిల్లల కోచింగ్‌కు ఈసారి పేరు మార్చారు. నిన్నటిదాకా లాంగ్ టర్మ్, ఇప్పుడు కమ్‌బ్యాక్ బ్యాచ్. నీట్ ఫలితాల వేడి చల్లారకముందే ఖమ్మం బైపాస్ నుంచి వైరా రోడ్డు దాకా కరెంటు స్తంభం ఖాళీ లేదు. ఫ్లెక్సీ మీద పిల్లాడి ఫొటో. ఎడమవైపు ఎర్ర రంగులో పోయినేటి మార్కులు, కుడివైపు పచ్చ రంగులో ఈ ఏటివి, మధ్యలో ఆకాశంలోకి ఒక బాణం. ఎర్ర మార్కులు ఏ కాలేజీ పుణ్యమో మాత్రం రాయరు. అదే యాజమాన్యం రెండేళ్లు ఇంటర్ చెప్పి తెప్పించిన మార్కులైనా సరే, తప్పు పిల్లాడిది, బాణం వాళ్లది.

మొన్న బంధువులబ్బాయికి తోడుగా వెళ్లి అలాంటి ఒక ఓరియెంటేషన్‌లో కూచోవాల్సి వచ్చింది. మోటివేషన్ సారు చెవికి మైకు తగిలించుకుని వచ్చారు. భద్రాచలం వైపు వాళ్లు చేతులెత్తండి అన్నారు. వెనక వరసల్లో కొన్ని చేతులు లేచాయి. “మీ ఊళ్లో గుడి కట్టిందెవరు? రామదాసు! ఫస్ట్ అటెంప్ట్‌లో ఏమైంది? జైలు! పన్నెండేళ్లు గోల్కొండలో లాంగ్ టర్మ్! మధ్యలో మానేశాడా? లేదు! అదీ కమ్‌బ్యాక్!” హాలంతా చప్పట్లు.

ఆ రామదాసు, అంటే నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న, మన జిల్లా మనిషి, ఇలా రిపీటర్ అయిపోయాడు. అయ్యా, ఆయన ఏ ఎంట్రన్సూ తప్పలేదు. అప్పటికే పాల్వంచ తహసీల్దారు. అంటే ఉద్యోగస్తుడు. జైలుకెళ్లింది సర్కారు సొమ్ము గుడికి ఖర్చు పెట్టినందుకు. పన్నెండేళ్లూ ఆయన మాక్ టెస్టులు రాయలేదు, కీర్తనలు కట్టాడు. అందులోనూ కొన్ని దేవుణ్ని నిలదీసి తిట్టినవి. ఇవాళ ఏ హాస్టల్లోనైనా పిల్లాడు యాజమాన్యాన్ని అలా నిలదీస్తే సాయంత్రానికి పెట్టె బయట ఉంటుంది.

ఇంతకీ రామదాసు విడుదలైంది స్టడీ అవర్స్ వల్ల కాదు. రామలక్ష్మణులు మారువేషాల్లో వచ్చి గోల్కొండ సుల్తాను తానీషాకు ఆరు లక్షల బాకీ కట్టి రసీదు పుచ్చుకున్నారని కథ. కాబట్టి ఈ కథలో సారు చెప్పని నీతి ఒకటే: ఫీజు కట్టేవాడుంటేనే విడుదల.

సారు అక్కడితో ఆగలేదు. వనవాసంలో రాముడున్న పర్ణశాలను హాస్టల్ చేశారు. పద్నాలుగేళ్లు ఇల్లు వదిలి ఉంటేనే పట్టాభిషేకమట. పర్ణశాలలో ఉన్నప్పుడే సీత పోయిందన్న సంగతి తల్లిదండ్రుల ముందు ఎత్తలేదు. హనుమంతుడి ఊసే రాలేదు. మొదటి ప్రయత్నంలోనే సముద్రం దాటినవాడు ఈ బ్యాచ్‌కు ఏం పనికొస్తాడు?

చివర్లో ఏజెన్సీలోని చర్ల నుంచి వచ్చిన ఒక పెద్దాయన లేచాడు. చొక్కా జేబులో ప్లాస్టిక్ కవరు, కవర్లో మొదటి వాయిదా రసీదు. “సారూ, ఈపాలి సీటొస్తదా?” అని మాత్రం అడిగాడు. “పాజిటివ్‌గా ఆలోచించాలి పెద్దాయనా” అన్నారు సారు. మళ్లీ చప్పట్లు.

ఆ పెద్దాయనకు కావలసింది పాజిటివ్ కాదు, లెక్క. అది నేను చెబుతాను. 2025లో నీట్ రాసింది 22 లక్షల మందికి పైనే. అర్హత పొందింది 12 లక్షల పైనే. దేశమంతా కలిపినా ఎంబీబీఎస్ సీట్లు లక్షా పాతిక వేల దరిదాపు. అర్హత ఉండీ సీటు రాని ఆ పదకొండు లక్షల మందికీ పట్టుదల లేదా? పట్టుదలకు సీట్లు పుట్టవు. ఒక పిల్ల పైకెళితే ఇంకో పిల్ల కిందికి జరుగుతుంది. జరిగిన పిల్లకు వచ్చే ఏడు అదే హాల్లో అదే రామదాసు. ఎన్నిసార్లు రాయొచ్చన్న పరిమితి లేదు, గరిష్ఠ వయసు నిబంధనను 2022లో ఎత్తేశారు. సరుకు పనిచేయకపోయినా కొనేవాడు మళ్లీ వచ్చే వ్యాపారం ఇదొక్కటే.

ఇక ఫీజు. నీట్ సాధారణంగా మే మొదటి ఆదివారం వస్తుంది. ఏజెన్సీలో అది తునికాకు (బీడీ ఆకు) సీజను, పెద్దాయనలాంటి వాళ్లు ఫీజు తేవాల్సింది అందులోంచే. కట్టకు 50 ఆకులు. కట్టకు నాలుగు రూపాయలనుకున్నా లక్ష రూపాయలకు 25 వేల కట్టలు, అంటే పన్నెండున్నర లక్షల ఆకులు. ఒక్కొక్కటీ ఎండలో వంగి కోయాలి. ఈ లెక్క ఏ ఫ్లెక్సీ మీదా ఉండదు.

నాకు ఒళ్లు మండేది ‘మొదటి ప్రయత్నం’ అన్న మాటకు. చర్లలోనో దుమ్ముగూడెంలోనో చదివిన పిల్లకు మొదటి ప్రయత్నం అసలెప్పుడు జరిగింది? ఫిజిక్స్‌కు గెస్ట్ లెక్చరర్, ఆయన వచ్చేసరికి దసరా సెలవులు. ఆరో తరగతి నుంచి ఫౌండేషన్ చదివిన పట్నం పిల్లాడితో కలిపి ఆమెనూ ఒకే ర్యాంకుల పట్టికలో నిలబెట్టి, ఓడిపోయావు, లేచి నిలబడు అంటున్నారు. ఆమెను పడేసిందెవరని అడగరేం?

పరీక్ష పెట్టేవాళ్లకు మాత్రం ఈ నీతులేవీ వర్తించవు. 2016లో తెలంగాణ మెడిసిన్ ఎంట్రన్స్ ఎంసెట్-2 పేపరు లీకైతే పిల్లలు సెప్టెంబరులో ఎంసెట్-3 రాశారు. 2024 నీట్‌లో 1,563 మందికి ఇచ్చిన గ్రేస్ మార్కులు వెనక్కి తీసుకుని, జూన్ 23న మళ్లీ పరీక్ష పెట్టారు. మొదటి ప్రయత్నంలో తప్పిన ఆ పెద్దలకు కమ్‌బ్యాక్ క్లాసు ఎవరు చెప్పారు?

ఇంకో ముచ్చట. విజయవాడ హాస్టళ్లలో పడితేనే డాక్టరవుతారని నమ్మించి ఖమ్మం పిల్లల్ని ఇంటర్‌కు అక్కడికి తోలారు. 2024 జూలైలో జీవో 33 వచ్చింది: తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లు తెలంగాణలో చదివితేనే మెడికల్ సీట్లకు లోకల్. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఇంటి ముందుకొచ్చాయి. ఇంటి పిల్లలు నాన్‌లోకల్ అయ్యారు. ఎన్ని లాంగ్ టర్ములు చేస్తే ఇంటర్ మళ్లీ ఇక్కడ చదివినట్టవుతుందో సారునే అడగాలి. భద్రాచలం రోడ్ అని బోర్డున్న స్టేషన్‌లో దిగితే మీరుండేది కొత్తగూడెంలో, గుడి ఇంకా 40 కిలోమీటర్లు. ఈ బ్యాచ్ బోర్డులూ అంతే.

రెండోసారి రాసి సీటు తెచ్చుకున్న పిల్లల కష్టం వాళ్లది, దానికి దండం. రెండోసారి రాయనన్న పిల్ల కూడా ఓడిపోయినట్టు కాదు. నర్సింగో, అగ్రికల్చరో, మామూలు డిగ్రీయో చదువుతానంటే చదవనివ్వండి.

చేర్పించి తీరాలనుకుంటే, ఫీజు కట్టే ముందు ఒక్క పని చేయండి. ర్యాంకు గ్యారంటీ అనకూడదని, మధ్యలో మానేస్తే మిగిలిన ఫీజు పది రోజుల్లో తిరిగివ్వాలని కేంద్రం 2024 జనవరిలోనే కోచింగ్ సెంటర్లకు మార్గదర్శకాలిచ్చింది. వాటిని గుర్తు చేయండి. పోయినేడు ఈ బ్యాచ్‌లో చేరిందెంతమంది, సీటొచ్చింది ఎంతమందికి, ఈ రెండు అంకెలూ లెటర్‌హెడ్ మీద రాసి సంతకం పెట్టి ఇమ్మనండి. ఇవ్వకపోతే జేబులో డబ్బు జేబులోనే ఉంచుకుని లేచి వచ్చేయండి.