ముగ్గురాయి రేసు

గుంతల్లో సైకిల్ తొక్కడానికి జనం ఎదురు డబ్బు కడుతున్నారు. దాన్ని మౌంటెన్ బైక్ రేసు అంటారు.

1976లో కాలిఫోర్నియా కుర్రాళ్లు పాత సైకిళ్లేసుకుని కొండ మీంచి దిగారు. బ్రేకు వేసీ వేసీ హబ్‌లో గ్రీజు కాలి పొగలొచ్చేవి. దిగాక మళ్లీ గ్రీజు కూరాల్సిందే. అందుకే రేసు పేరు ‘రీప్యాక్’.

1996లో ఈ ఆట అట్లాంటా ఒలింపిక్స్‌కెక్కింది.

ముగ్గురాయి గనులున్న మన మంగంపేటలో సైకిలు మాత్రం మిట్టెక్కి, పల్లం దిగి, ఇంటికొచ్చింది. పతకం లేదు, గొలుసు ఊడింది.

ఔత్సాహికుల రేసుకు ఏం కావాలి? దుమ్ము, రాళ్లు, కాస్త ప్రాణభయం. ఇక్కడ ప్రవేశ రుసుము లేదు. వెనక నుంచి ముగ్గురాయి టిప్పర్ హారన్ కొడితే చాలు, ఎంతటి ఔత్సాహికుడైనా ప్రొఫెషనల్ అయిపోతాడు.

రేసుల వాళ్లకు హెల్మెట్, మోకాలి కవచం, హ్యాండిల్‌కు నంబరు. మనకు తలకు తువ్వాలు, హ్యాండిల్‌కు టిఫిన్ క్యారియర్. అందులో పులుసు ఒలక్కుండా దిగడమే అసలు పోటీ. దానికి జడ్జి ఇంట్లో ఉంటుంది.

“దిగేదానికి దుడ్లు కట్టేదేందబ్బా?” అంటే రేసుల వాళ్ల దగ్గర జవాబుండదు.

ప్రపంచంలోకెల్లా పెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో ఒకటి మంగంపేటది. చమురు బావుల తవ్వకానికి ఈ రాయి దేశాలు దాటిపోతుంది. ఆ రాతిపొడిని బ్రేకు ప్యాడ్లలోనూ కలుపుతారు. ఏ దొర సైకిలో మన రాయి పుణ్యాన టక్కున ఆగుతుంటుంది.

మన సైకిలుకు బ్రేకు ఎడమకాలి చెప్పే.

అరిగితే సంతలో జతగానే కొనాలి. కుడిది దండగ.