డిస్కు బాబాయి మడి

ఆదివారం తెల్లవారుజామున సైకిళ్లేసుకుని బయల్దేరే ప్రతి గుంపులోనూ ఒక డిస్కు బాబాయి ఉంటాడు. మా గుంపులో ఉన్నాయన కాపురం నల్లగండ్లలో, పదకొండో అంతస్తు. ఉద్యోగం సాఫ్ట్‌వేరు. మిగతావాళ్లం ఎంత స్పీడు తొక్కామో చెప్పుకుంటుంటే ఈయన ఎంత బాగా ఆగాడో చెబుతాడు. "తొక్కడం ఎవడైనా తొక్కుతాడు అబ్బాయ్, విద్యంతా ఆగడంలో ఉంది" అంటాడు. అలాగని ఊరికే ఆగేరకం కాదు. బ్రేకు వేస్తే ప్యాడు అరుగుతుంది కదా! అంచేత సిగ్నలు అల్లంత దూరాన ఉండగానే తొక్కడం మానేసి, సైకిలు దానంతట అది నిలబడేదాకా ఓపిక పడతాడు. వెనక హారన్లు మోగుతూనే ఉంటాయి. నానక్‌రామ్‌గూడ వైపు 2023లో తెరిచిన సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ అంటే ఆయనకి ప్రాణం. నీడ కోసం కాదు, 23 కిలోమీటర్ల ట్రాక్ మీద బ్రేకుతో పెద్దగా పని పడదని.

పుట్టుకతో ఎవడూ డిస్కు బాబాయి కాడు. ఈయన కూడా మొదట తీగతో లాగే డిస్కు బ్రేకుల సైకిలే కొన్నాడు, వెనక 8 గేర్లది. తీగ బ్రేకులతో ఒక చిక్కుంది. ప్యాడు అరిగినకొద్దీ మర తిప్పి దగ్గరికి జరుపుకుంటూ ఉండాలి. నాలుగు వానలు పడ్డాక తీగ తుప్పుపట్టి లివరు బిగుసుకుపోతుంది. హైడ్రాలిక్‌లో ఆ తీగ చేసే పని నూనె చేస్తుంది. ప్యాడు ఎంత అరిగితే పిస్టను అంత ముందుకు జరుగుతుంది, ఎవరూ చెప్పక్కర్లేదు. దిగుడులో ఒక్క వేలితో పట్టినా చాలు. ఇంతవరకూ బాబాయి చెప్పేదాంట్లో అబద్ధమేమీ లేదు.

"బ్రేకులొక్కటీ మార్చేస్తే పోతుంది" అన్నాడు ఇంట్లో. కానీ రోడ్డు సైకిలుకి నూనెను తోసే సిలిండరు ఉండేది గేరు లివర్లోనే. కాబట్టి లివర్లు మార్చాలి. కొత్త లివరు 11 గేర్లది, కాబట్టి వెనక డిరేలరు, క్యాసెట్టు, చెయిను మార్చాలి. 8 గేర్ల పాత హబ్బు మీద 11 గేర్ల రోడ్డు క్యాసెట్టు మామూలుగా పట్టదు, కాబట్టి చక్రాలు మార్చాలి. చక్రాలు ఎటూ కొంటున్నాం కదా అని ట్యూబ్‌లెస్ టైర్లు. ఆఖరికి పాత సైకిల్లో మిగిలినవి ఫ్రేమూ, బెల్లూ. వాళ్లావిడ బిల్లు చూసి "బ్రేకులన్నారుగా?" అంది. "ఇవన్నీ బ్రేకుల తాలూకే" అన్నాడాయన.

రిమ్ము బ్రేకుకీ డిస్కుకీ జరిగిన పోరు గురించి అడక్కపోయినా చెబుతాడు. ప్రొఫెషనల్ రేసుల్లో డిస్కులను ప్రయోగంగా అనుమతించింది 2015లో. 2016 ఏప్రిల్లో పారిస్–రూబే రేసులో తన కాలు కోసుకుపోయింది డిస్కు వల్లేనని స్పెయిన్ రైడరు వెంతోసో బహిరంగ లేఖ రాస్తే, అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఆ ప్రయోగాన్ని ఆపేసింది. తర్వాత మళ్లీ మొదలుపెట్టినా, పూర్తి అనుమతి వచ్చేసరికి 2018 జులై అయింది. ఆ రెండేళ్లూ తను స్విట్జర్లాండులో ఆ సమాఖ్య గుమ్మంలోనే మకాం వేసి సంతకాలు పెట్టించుకొచ్చినట్టు మాట్లాడతాడు బాబాయి. నిజానికి అప్పటికి ఆయన దగ్గర సైకిలే లేదు.

అసలు సంగతి ఆయన మడి. బాబాయి వాళ్లమ్మగారిది అమలాపురం దగ్గర పల్లె. ఆవిడ మడికట్టుకుంటే మనవడు కూడా గుమ్మం దాటి వంటింట్లోకి రాకూడదు. చిన్నప్పుడు ఆ మడి మీద బాబాయి వేయని జోకు లేదట. ఇప్పుడు బాల్కనీలో ఆయన రోటరును, అంటే ఆ బ్రేకు డిస్కును, ఎవరు ముట్టుకున్నా మైలే. వేలి జిడ్డు అంటితే ప్యాడు దాన్ని పీల్చేస్తుంది, ఆ తర్వాత బ్రేకు పట్టదు, పైగా కీచుమంటుంది. పొరపాటున ఎవరైనా ముట్టుకుంటే ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో శుద్ధి. చెయిను మీద నూనె స్ప్రే కొట్టినవాడి ముఖం ఆ వారమంతా చూడడు. ఆదివారం ఇంట్లో బజ్జీలు వేయడం నిషేధం, నూనె ఆవిరి బాల్కనీలోకి వస్తుందని. వాళ్లావిడకి ఇప్పుడు రెండు మడులు. వంటింట్లో అత్తగారిది ఒకటి, బాల్కనీలో మొగుడిది ఒకటి. మధ్యలో ఉన్న హాల్లో ఆవిడ బతుకుతోంది.

ఇంట్లో రెండు సైకిళ్లు ఉన్నాయి. ఒకటి షిమానో బ్రేకులది, దానికి మినరల్ ఆయిలు. రెండోది కంకర దారుల కోసం కొన్న గ్రావెల్ సైకిలు, స్రామ్ బ్రేకులది, దానికి డాట్ 5.1. ఒకదాంట్లో పోయాల్సింది ఇంకోదాంట్లో పోస్తే లోపలి రబ్బరు సీళ్లు పాడై మొత్తం విప్పి మార్చాల్సి వస్తుంది. అందుకని రెండింటికీ వేరు వేరు సిరంజిలు, వేరు వేరు గరాటాలు, వేరు వేరు గుడ్డపీలికలు, వాటి మీద పేర్లు. డాట్ ద్రవం గాల్లో తేమను పీల్చుకుంటుంది కాబట్టి మూత తీసిన సీసా ఎక్కువకాలం ఉంచడు. కొత్త 5.1 ద్రవం కనీసం 260 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పడితే ఆ హామీ 180కి దిగిపోతుంది. ఈ లెక్క ఆయన పెళ్లిళ్లలో కూడా చెబుతాడు.

బ్రేకు నూనెలోంచి గాలి తీసే బ్లీడింగు రోజు చూడాలి ఆయన్ని. స్నానం చేసి, నూలు లుంగీ కట్టి, సైకిలును స్టాండుకి బిగిస్తాడు. చక్రం తీసి అవతల గదిలో పెడతాడు. ప్యాడ్లు తీసి కాగితంలో చుట్టి అల్మరాలో పెడతాడు. వాటి స్థానంలో పసుపుపచ్చ ప్లాస్టిక్ దిమ్మె దూరుస్తాడు. లివరు మీద గరాటా బిగిస్తాడు. కింద ప్యాడ్లుండే క్యాలిపర్‌కి సిరంజి తగిలించి, 7 ఎం.ఎం. పానాతో నిపిల్ను ఇసుమంత వదులు చేసి, గులాబీ రంగు నూనెను కిందినుంచి పైకి నెమ్మదిగా తోస్తాడు. గరాటాలో బుడగలు ఒక్కొక్కటే తేలతాయి. హోసు పొడవునా గోటితో టక్ టక్ మని కొడతాడు, ఎక్కడో దాక్కున్న గాలి బయటపడాలని. నూనెను నొక్కితే నలగదు, గాలి నలుగుతుంది. లోపల గాలి ఎక్కువగా మిగిలితే మన వేలి బలమంతా దాన్ని నలపడానికే సరిపోతుంది, లివరు హ్యాండిలును తాకినా సైకిలు ఆగదు. ఆఖరి బుడగ తేలేదాకా బాబాయి మాట్లాడడు, ఫోనెత్తడు. ఆ సమయంలో ఎదురింటి బుడ్డోడు వచ్చాడంటే అరిష్టమే. ప్యాడ్లు పెట్టి, చక్రం ఇంకా ఎక్కించకముందు లివరు నొక్కితే పిస్టన్లు బయటికొచ్చేస్తాయి, ఆపైన మధ్యలో రోటరుకి సందు ఉండదు. సైకిలు కనబడితే లివరు నొక్కని పిల్లాడు ఈ లోకంలో పుట్టలేదు. బాబాయి "నొక్కరాదు" అని అట్టముక్క రాసి వేలాడదీశాడు. బుడ్డోడికి ఇంకా చదువు రాదు.

ఒక వానాకాలం ప్యాడ్లు కీచుమనడం మొదలెట్టాయి. బాబాయి చెవికి కీచుల్లో రకాలున్నాయి: తడి కీచు, అది నాలుగుసార్లు బ్రేకు పడితే పోతుంది, క్యాలిపర్ వంకర కూర్చున్న కీచు, జిడ్డు కీచు. ఇది మూడోదని తేల్చాడు. గరుకు కాగితంతో రుద్దాడు, ఆల్కహాలుతో కడిగాడు, పోలేదు. నిజానికి నూనె తాగేసిన రెసిన్ ప్యాడును పారేసి కొత్తవి కొనుక్కోవడమే మేలు. కానీ కాల్చితే జిడ్డు వదులుతుందని ఎవరో చెప్పారు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు స్టవ్ మీద పెనం పెట్టి నాలుగు ప్యాడ్లు వేశాడు. పెసరట్లు వేసే పెనం. గుడినుంచి వచ్చిన అమ్మగారు వాసన పట్టేశారు.

"ఏం కాల్చావురా?"

"బ్రేకు ప్యాడ్లమ్మా. శుభ్రంగానే ఉన్నాయి."

"నీ చక్రాన్ని నేను ఎప్పుడైనా ముట్టుకున్నానా నాయనా?"

ఆ ఒక్క ప్రశ్నకి బాబాయి దగ్గర జవాబు లేకపోయింది. మడి అంటే ఏమిటో ఆ ఇంట్లో ఇద్దరికే తెలుసు, ఆ ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. పెనం పనిమనిషికి వెళ్లిపోయింది. కొత్త పెనం వచ్చింది, కొత్త ప్యాడ్లూ వచ్చాయి. కొత్త ప్యాడ్లను అలవాటు చేయాలంటే స్పీడందుకుని, పూర్తిగా ఆగకుండా తగ్గించి, మళ్లీ అందుకుని, అలా ఓ ఇరవైసార్లు చేయాలి. అప్పుడే ప్యాడు పొర సమంగా రోటరుకి పడుతుంది. రాత్రి పదిన్నరకి అపార్ట్‌మెంటు ముందు ఆయన ఇలా ఉరుకుతూ తగ్గుతూ ఉంటే వాచ్‌మన్ టార్చీ పట్టుకొచ్చాడు. "సార్, ఏమన్న పడిపోయిందా?"

ఆ మనిషిని ఎగతాళి చేస్తున్నానని అనుకోకండి. మొన్న వికారాబాద్ దగ్గర అనంతగిరి వెళ్లాం. కొత్తగా చేరిన కుర్రాడు సైకిలును కార్లో చక్రాలు ఊడదీసి తెచ్చాడు. దారిలో లివరు నొక్కుకుపోయి, ప్యాడ్లు రెండూ అతుక్కుని కూర్చున్నాయి. చక్రం ఎక్కదు. మేం తలా ఒక సలహా ఇచ్చాం. బాబాయి మాట్లాడకుండా టైరు లివరు గుడ్డలో చుట్టి, పిస్టన్లను వెనక్కి నెట్టాడు. చక్రం పెట్టి, క్యాలిపర్ బోల్టులు రెండూ వదులుచేసి, బ్రేకు గట్టిగా పట్టుకునే మళ్లీ బిగించాడు. చక్రం తిప్పితే చప్పుడు లేదు. "ఎంతివ్వను బాబాయ్?" అన్నాడు కుర్రాడు. "రోటరు ముట్టుకోకు. అదే ఫీజు" అన్నాడు.

గుట్ట దిగేటప్పుడు బ్రేకును లాగుతూ పోకూడదని, గట్టిగా పట్టి వదిలెయ్యాలని, అలా అయితేనే అంతగా వేడెక్కదని మాకు పాఠం చెప్పాడు. చెప్పి, కుర్రాడి వెనకే వాణ్ణి కాపలా కాస్తూ, పైనుంచి కిందిదాకా బ్రేకు వదలకుండా దిగాడు. కిందికొచ్చేసరికి ఆయన చక్రం టింగ్ టింగ్ మంటోంది. రోటరు వేడికి కాస్త వంగి ప్యాడుకి తగులుతోంది. చల్లారితే దానంతటదే సర్దుకుంటుందని ఆయనకి తెలుసు, అయినా కదల్లేదు. నీళ్లు పోద్దామన్నవాణ్ణి కసిరాడు. మేమంతా టిఫిన్ సెంటరుకి పోయాం. ఆయన చాలాసేపటికి వచ్చాడు.

"ఇడ్లీలు అయిపోయాయి బాబాయ్. ఉప్మా ఒక్కటే ఉంది."

"పర్లేదు అబ్బాయ్" అన్నాడు బాబాయి, హెల్మెట్ తీస్తూ. "టింగు పోయింది."