తెల్ల రంగు ట్యూబు ఆత్మకథ

నేను టైటానియం వైట్‌ని. ఆయిల్ రంగుల పెట్టెలో అందరికంటే పెద్ద ట్యూబు నాదే. ఇంత తెల్లగా ఉన్నానా, పుట్టింది మాత్రం ఇల్మనైట్ అనే నల్ల ఖనిజంలోంచి. భీమిలి తీరంలో ఇసుక మీద నల్లటి చారలు కనిపిస్తాయే, వాటిలో ఉండేది ఆ జాతే. కాబట్టి విశాఖ నాకు మరీ పరాయి ఊరు కాదు.

నన్ను కొన్నాయన స్టీల్‌ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని అక్కడి ఫర్నేసుల పేర్లు. నీలి అద్దం అడ్డం పెట్టుకుని కంతలోంచి మంటను చూడడం, సుమారు 1,500 డిగ్రీల్లో బయటికొచ్చే ఇనుము రంగును బట్టి వేడిని పసిగట్టడం ఆయనకు అలవాటు. అలాంటాయన కూర్మన్నపాలెంలో ఇంటి పక్క ఖాళీ జాగాలో మొలిచిన ఉమ్మెత్తను వేద్దామని కూర్చుంటే, నా పంట పండిందనుకున్నాను. తెల్లపువ్వు కదా, అంతా నేనే!

ఆయన గురువు అమెరికా చిత్రకారిణి జార్జియా ఓకీఫ్. ఆవిడ 1932లో నాలుగడుగుల ఎత్తు కాన్వాస్ నిండా ఒకే ఒక్క ఉమ్మెత్త పువ్వు వేసింది. తీరిక లేని న్యూయార్కు జనం కూడా ఆగి చూడాలంటే పువ్వుని అంత పెద్దది చెయ్యాల్సిందేనని ఆవిడ లెక్క. 2014లో ఆ బొమ్మ 4 కోట్ల 44 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. మన దగ్గర శివరాత్రికి తప్ప ఎవరూ పట్టించుకోని పువ్వండీ అది!

ఈయన అట్టముక్కలో చదరంగా కన్నం కోసి, పువ్వుకి దగ్గరగా జరుపుతూ పోయాడు. ఆకులు పోయాయి, ప్రహరీగోడ పోయింది, చివరికి రేకుల కొసలు కూడా కన్నం దాటిపోయాయి. మిగిలింది మెలితిరిగిన మడతలూ, నడిమి గొంతూ. అంత దగ్గరికెళ్లాక తెలుపెక్కడుంది? గొంతులో లెమన్ యెల్లో, ఆకుపచ్చ. మడత లోతుల్లో కోబాల్ట్ బ్లూకి కాస్త బర్న్‌ట్ సియెన్నా తగిలించిన బూడిదరంగు. ఎండ పడే వైపు నాలో చిటికెడు పసుపు, నీడవైపు చిటికెడు ఊదా. వెచ్చటి తెలుపు ముందుకొస్తుంది, చల్లటిది వెనక్కిపోతుంది. గీత గియ్యకుండానే రేకు వంపు తిరుగుతుంది. రెండూ కలిసేచోట పొడి కుంచెతో మెల్లగా తుడిచి, అంచు కనబడకుండా చేశాడు. అచ్చంగా నన్ను వాడింది ఒక మడత శిఖరం మీదే, వెంట్రుక మందాన. ముందు కోపమొచ్చింది గానీ, చుట్టూ అన్ని రంగులుండబట్టి అక్కడ నేను ఫర్నేస్ నోరులా మండాను.

వాళ్లావిడ వచ్చి చూసింది. ‘‘ఏటండీ ఇది, కొండలా?’’ అంది. ఆయన తెగ సంబరపడిపోయాడు.

ఇప్పుడు ముద్దమందారం మొదలెట్టాడు. ఎరుపులో నన్ను కలిపితే వెలుగు రాదు, గులాబీ అయి కూర్చుంటుంది. అందుకని వెలుగు కోసం నారింజ రంగు తీస్తున్నాడు. నా మూత బిగించి, పెట్టెలో అడుక్కి తోసేశాడు.