ఒక మిల్లీమీటరు ఒళ్ళు

నేను రిమోట్ కారు బాడీని. మోటారు, బ్యాటరీ, చక్రాలు అన్నీ కింద ఛాసిస్‌కు ఉంటాయి. పరుగెత్తేది అది, గోడకు తగిలేది నేను. నా మందం ఒక మిల్లీమీటరు. అదీ అన్నిచోట్లా లేదు. ఎక్కడ లేదో, ఎందుకు లేదో చెప్పడానికే ఈ కథ.

పుట్టింది పాశమైలారంలో, మందుల కంపెనీలకు ప్లాస్టిక్ ట్రేలు చేసిచ్చే ఒక షెడ్డులో. పటాన్‌చెరు, బొల్లారం, గడ్డపోతారం వైపు మందుల ఫ్యాక్టరీలు ఉన్నన్నాళ్ళూ ఇలాంటి షెడ్లకు పని ఉంటుంది. అక్కడి వాక్యూమ్ ఫార్మింగ్ మెషిన్ ఆపరేటర్ యజమానిని అడిగి, షిఫ్టు దిగాక, ఎనిమిదో తరగతి చదివే తన కూతురి కోసం నన్ను చేశాడు. ఆ పిల్ల దగ్గర ఛాసిస్ ఉంది, దాని మీద కొన్న బాడీ అప్పటికే ముక్కలైంది.

నా పదార్థం పాలీకార్బొనేట్. 1953లో జర్మనీలో బేయర్ కంపెనీకి చెందిన హెర్మన్ ష్నెల్, అదే ఏడాది అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో డేనియల్ ఫాక్స్, ఒకరికి తెలియకుండా ఒకరు దీన్ని కనిపెట్టారు. చంద్రుడి మీద నడిచినవాళ్ళు తలకు పెట్టుకున్న పారదర్శకమైన హెల్మెట్ మా వంశమే. పోలీసుల చేతి డాళ్ళలోనూ మేమే ఉంటాం. ఇది చెప్పుకోవడానికి నాకు గర్వంగానే ఉంటుంది. రిమోట్ కార్లకు మాత్రం మేం మొదటినుంచీ లేము. జపాన్ కంపెనీ తామియా 1976లో తెచ్చిన తన తొలి రిమోట్ కారు పోర్షే 934కు అచ్చులో పోసిన గట్టి ప్లాస్టిక్ బాడీ ఉండేది. చూడముచ్చటైనదే గానీ బరువు ఎక్కువ, గట్టి దెబ్బకు పెళ్ళున విరుగుతుంది. పందేలాడేవాళ్ళు తేలిగ్గా ఉండి, దెబ్బకు వంగి మళ్ళీ నిలబడే మా వైపు మళ్ళారు.

నన్ను చేసిన పద్ధతిలోనే నా బలహీనత ఉంది. షీటు పైకి పొడిగా కనిపించినా గాలిలోని తేమను పీల్చుకుని ఉంటుంది. అలాగే వేడిచేస్తే ఒళ్ళంతా బుడగలు. అందుకని ఆపరేటర్ ముందు ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఆరబెట్టాడు. మా పదార్థం మెత్తబడడం 147 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. ఇంకా పైకి తీసుకెళ్ళి, షీటు నడుమ భాగం కిందికి జారడం కనిపెట్టి, చెక్క అచ్చు మీదికి దించాడు. పికప్ బండి ఆకారం అది. మూలమూలనా గాలి పోవడానికి సన్నటి బెజ్జాలున్నాయి. పంపు గాలి లాగేయగానే అచ్చుకు అతుక్కుపోయాను.

అప్పుడు మొదట అచ్చుకు తగిలింది నా పైకప్పు. తగిలినచోట చల్లబడి, ఉన్న మందంతో ఉండిపోయింది. మిగతా షీటు సాగుతూ కిందికి దిగింది. అన్నిటికంటే ఎక్కువ సాగి, అన్నిటికంటే పలచబడ్డవి బంపర్ మూలలు, చక్రాల తోరణాలు. దెబ్బలు తినేదీ అవే. పైకప్పుకు దెబ్బ తగిలేది బండి పల్టీ కొట్టినప్పుడే. ఏ బాడీనైనా ఎక్కడ బలపరచాలో తెలియకపోతే దీపం ముందు పట్టి చూడండి, పలచటి చోటు దానంతటదే కనబడుతుంది. రంగు వేయకముందే చూడాలి.

నాకంటే ముందు అదే అచ్చు మీద ఒక అన్న పుట్టాడు. ఈ ప్రాంతంలో యాసిడ్ ట్యాంకులు, పొగను కడిగే స్క్రబ్బర్లు ఫైబర్‌గ్లాస్‌తో కట్టే పనివాళ్ళు చాలామంది. ఆపరేటర్ స్నేహితుడు ఒకడు అదే పనిలో ఉండేవాడు. మా అన్న మూలలు చూసి, "గిదేస్తే ఇగ పలగనే పలగదు అన్నా" అని గాజు మ్యాటు పరిచి, పాలిస్టర్ రెజిన్ పూసి ఇచ్చాడు. మనసు మంచిదే, సరుకే పడలేదు. ఆ రెజిన్‌లో స్టైరీన్ ఉంటుంది, అది పాలీకార్బొనేట్‌ను తింటుంది. పూసినచోట వెంట్రుకల్లాంటి సన్నటి పగుళ్ళు మెరిశాయి. అదొక్కటే కాదు. అతుకు బిర్రబిగుసుకుంది, దాని పక్కన ఒళ్ళు మాత్రం ఎప్పటిలాగే వంగుతోంది. మొదటి గుద్దుకు మూల చెక్కుచెదరలేదు. అతుకు అయిపోయిన గీత వెంబడే మా అన్న రెండుగా చీలాడు.

నాకు తెలిసిన అసలు సంగతి అక్కడే ఉంది. పలచటి ఒంటిని గట్టిపరిస్తే దెబ్బ పోదు, పక్కకు జరుగుతుంది. ఇక్కడికి దగ్గర్లోని ఎద్దుమైలారంలో 1984లో మొదలైన ఆయుధ కర్మాగారం సైన్యానికి కవచ వాహనాలు చేస్తుంది. ఉక్కు వంగకుండా నిలబడి కాపాడుతుంది. నా పని వేరు. నేను వంగాలి, వంగి మళ్ళీ వెనక్కి రావాలి. నాకు వేసే అతుకు కూడా నాతో వంగాలి.

కాబట్టి నా విషయంలో ఆపరేటర్ తొందరపడలేదు. కోసేసిన అంచు ముక్కలను పారేయకుండా పెట్టుకుని, ఏ జిగురైనా ముందు వాటిమీద పూసి, ముక్కను వంచి, మర్నాటిదాకా ఉంచి చూశాడు. క్షణంలో అతికే జిగురు బిరుసు, వంచగానే టక్కున ఊడింది. సిర్కా వాసన కొట్టే సిలికాన్ సీలెంట్ కూడా మాకు పనికిరాదు, అది ఆరుతూ వదిలే ఆమ్లం పడదు. హార్డ్‌వేర్ షాపులో పాలీకార్బొనేట్ రేకుల కప్పులు వేసేవాళ్ళ కోసం న్యూట్రల్ సిలికాన్ దొరుకుతుంది. అది సరిపోయింది. అమెరికాలో ఈ ఆట ఆడేవాళ్ళు బూట్ల అడుగులు అతికించే షూ గూ జిగురు వాడతారు. ఆరాక రబ్బరులా సాగే గుణమే రెండిటిలోనూ కావలసింది.

సిలికాన్‌లో పరచడానికి జాలీ టేపు కావాలి. ఫాల్స్ సీలింగ్ పనివాళ్ళు జిప్సం బోర్డు అతుకుల మీద అంటించే గాజునూలు టేపే అది. ముందుగా నా లోపల రంగు పడింది. మా మీద రంగు ఎప్పుడూ లోపలి నుంచే వేస్తారు, పైన ఎంత గీసుకున్నా రంగు పోకూడదని. ముదురు రంగు ముందు, లేత రంగు తర్వాత. పాలీకార్బొనేట్ కోసం చేసిన స్ప్రే మాత్రమే వాడాడు. మామూలు బండ్ల పెయింటు వంగినచోట పెచ్చులూడుతుంది, అందులో కలిపే థిన్నర్ మాకు విషం.

రంగు పూర్తిగా ఆరాక లోపల సబ్బునీళ్ళతో కడిగి తుడిచాడు. టేపు ముక్కల మూలలను కత్తెరతో గుండ్రంగా కోశాడు. చదరపు మూల ఉంటే ఒత్తిడంతా అక్కడే చేరుతుంది. పలచగా సిలికాన్ పూసి, జాలీ పరిచి, వేలిని సబ్బునీళ్ళలో ముంచి నెమ్మదిగా అదిమాడు. జాలీ గళ్ళలోంచి సిలికాన్ పైకి ఉబికేదాకా అదిమి, అంచుల దగ్గర మాత్రం బొత్తిగా పలచన చేశాడు. అతుకు ఎక్కడ అయిపోయిందో వేలికి తెలియకూడదు. బంపర్ మూలలకు, చక్రాల తోరణాలకు, నన్ను ఛాసిస్ మీద నిలబెట్టే బాడీ పోస్టులు దూరే నాలుగు బెజ్జాల చుట్టూ వేశాడు. పైకప్పుకు వేయలేదు. పైన బరువు పెరిగితే మలుపులో బండి పల్టీ కొడుతుంది.

ఇంత చేసినా పగలనని కాదు. ఒక ఆదివారం ఇస్నాపూర్ వైపు ఖాళీ ప్లాటులో ఆ పిల్ల వేగంగా తిప్పి కాంపౌండు రాయికి కొట్టింది.

"డాడీ, ముందటి మూల పలిగింది!"

"ఏం గాదు బిడ్డా, అటు ఇటు గుంజకు. గది ఎంతదాంక పోయిందో చూపియ్యి."

పగులు కొస ఎక్కడుందో వెతికి, సరిగ్గా అక్కడ రెండు మిల్లీమీటర్ల బెజ్జం వేశాడు. బట్టల షాపులో కత్తెరతో చిన్న గాటు పెట్టి లాగితే బట్ట సర్రున చిరుగుతుంది కదా, పగులు కొస కూడా ఆ గాటే. గుండ్రటి బెజ్జంలో ఆ వాడి పోతుంది, పగులు అక్కడ ఆగుతుంది. ఫ్యాక్టరీల్లో ఫిట్టర్లు పగిలిన ఇనుప కేసింగులకు వెల్డింగు చేసేముందు చేసే పనే ఇది. తర్వాత లోపల మళ్ళీ జాలీ, మళ్ళీ సిలికాన్. నన్ను మొదట కోసినప్పుడు కూడా అంచులన్నీ ఎమరీ పేపరుతో నున్నగా రుద్దాడు, కత్తెర వదిలిన గాట్లలోంచే పగుళ్ళు పుడతాయని.

ఈ నేల గురించి ఒక మాట. 1972లో పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పటాన్‌చెరులో అడుగుపెట్టడానికి ఒక కారణం ఇక్కడ ఎర్రనేల, నల్లరేగడి పక్కపక్కనే ఉండడం. మెట్టపంటల పరిశోధనకు అది వరం. నాకు మాత్రం రెండూ రెండు రకాల బాధలు. ఎర్ర మొరం ఒళ్ళంతా గీకుతుంది. వానాకాలం రేగడి లోపల చేరి ఎండి గడ్డకడుతుంది. ఆ బరువుకు పోస్టుల బెజ్జాలు సాగుతాయి. గడ్డను స్క్రూడ్రైవరుతో పొడిచి తీయకూడదు, నానబెట్టి కడగాలి. మెకానిక్ షెడ్లలో దేన్నైనా పెట్రోలు గుడ్డతో తుడిచేస్తారు, మాకు ఆ గుడ్డ తగలనివ్వకండి. ఎండలో రోజుల తరబడి వదిలేస్తే పసుపెక్కి పెళుసవుతాం.

మీ పిల్లలకు ఇలాంటి బండి కొంటే పగిలాక కాదు, మొదటిసారి నడపకముందే లోపల జాలీ వేయండి. కొత్తగా ఉన్నప్పుడు లోపల దుమ్ము, నూనె ఉండవు, అతుకు బాగా పడుతుంది. బాడీకి, ఛాసిస్ ముందు బంపర్‌కు మధ్య ఒక ఫోమ్ ముక్క పెట్టండి. బంపర్ నాకంటే కాస్త ముందుకు ఉండేలా చూడండి, మొదటి దెబ్బ దానిది కావాలి. మూలలు పూర్తిగా పోయిన బాడీని చెత్తలో వేయకండి. పైకప్పు ఇంకా పూర్తి మందంతో ఉంటుంది. దాన్ని గుండ్రంగా కోసి, కొత్త బాడీ లోపల పోస్టుల బెజ్జాల దగ్గర అతికించండి.