తొణకని సాంబారు: ఓ ఓమ్ని వ్యాన్ ఆత్మకథ

నేను మారుతి ఓమ్నిని. మా వంశం 1984లో గుర్గావ్‌లో మొదలైంది. అప్పట్లో మమ్మల్ని వట్టి మారుతి వ్యాన్ అనేవారు. ఓమ్ని అన్న పేరు 1988లో పెట్టారు. 796 సీసీ ఇంజను, మూడు సిలిండర్లు, అదీ ముందు సీట్ల కిందే. వేసవిలో నన్ను నడిపేవాడికి పైనుంచే కాదు, కిందనుంచీ ఎండే. బడిపిల్లల్ని మోశాం, రోగుల్ని మోశాం, పెళ్లిసామాన్లు మోశాం. సినిమావాళ్లు కిడ్నాపులు కూడా మా నెత్తినే రుద్దారు. 2019లో మా తయారీ ఆపేశారు. ఉన్నవాళ్లం మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉన్నాం.

నా డ్యూటీ తార్నాకలో. మా ఓనరు ఓ సందులో వంటశాల నడుపుతాడు. పొద్దున ఇడ్లీలు, మధ్యాహ్నం అన్నం, పప్పు, సాంబారు, పెరుగు. అన్నీ నా వీపు మీదే ఉస్మానియా క్యాంపస్‌కు చేరాలి. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ ముందు నుంచి హాస్టళ్ల దాకా రోడ్డు బాగానే ఉంటుంది. స్పీడు బ్రేకర్లతోనే నా పేచీ. గిన్నెలు ఎక్కగానే నా తోక కుంగేది, ముక్కు లేచేది. ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగు తేలిపోయేది. రాత్రిపూట హెడ్‌లైట్లు రోడ్డును వదిలి ఎదుటివాళ్ల కళ్లలో పడేవి. బ్రేకరు ఎక్కి దిగితే వెనక ఇరుసు హౌసింగ్ బంప్ రబ్బరును ఠప్పున గుద్దేది. మూత కింద నుంచి సాంబారు జారి నా నేలంతా పాకేది. ఆ ఇంగువ వాసన వారాల తరబడి వదిలేది కాదు.

ఓనరు నన్ను లాలాపేట వైపు ఓ మెకానిక్ దగ్గరికి తోలాడు. ఆయన కిందికి దూరి నా కమాన్లు, అంటే నన్ను మోసే ఉక్కు పట్టాల స్ప్రింగులు, చూశాడు.

"అన్నా, కమాన్లు మంచిగనే ఉన్నయి. ఇంకో పట్టా ఎక్కిస్తే లోడుకు ఆగుతది గానీ, ఖాళీగ వచ్చేటప్పుడు గుర్రమోలె ఎగురుతది. గాలి బుడగలు ఏపిద్దాం."

"గాలి మీద బరువు ఆగుతదా?"

"ఇప్పుడు నీ బండి నిలబడ్డది దేని మీదనే? టైర్లల్ల ఉన్నది గాలే కద!"

ఓనరు ఇంకేం మాట్లాడలేదు.

జాకీల మీద నన్ను లేపి, చక్రాలు విప్పి, బంప్ రబ్బర్లు పీకేశారు. ఆ చోట ఛాసిస్‌కు, హౌసింగ్‌కు మధ్య రెండువైపులా రెండు రబ్బరు బుడగలు బిగించారు. సైలెన్సరు వేడి తగలకుండా, టైరుకు రాసుకోకుండా జాగా చూశారు. ఒక్కో బుడగకు ఒక్కో సన్నటి గొట్టం. రెండింటినీ ఎందుకు కలపలేదంటే, మలుపులో బరువు ఒకవైపు పడగానే ఆ బుడగలోని గాలి రెండోదాంట్లోకి పోయి బండి ఇంకా ఒరుగుతుంది. గొట్టాల చివర టైరుకుండేలాంటి వాల్వులు. జాయింట్ల మీద సబ్బునీళ్లు పోశారు. ఒకచోట సన్నగా నురగ పొంగింది. గొట్టం కొస ఏటవాలుగా తెగిందట. తిన్నగా కోసి మళ్లీ గుచ్చాక నురగ ఆగింది.

ఇందులో మంత్రమేమీ లేదు. నా కమాన్ల గట్టితనం ఖాళీగా ఉన్నా నిండుగా ఉన్నా ఇంచుమించు ఒకటే. గాలి అలా కాదు, నొక్కేకొద్దీ బిగుస్తుంది. వేడి మారకుండా ఘనపరిమాణం సగమైతే పీడనం రెట్టింపవుతుందని 1662లోనే రాబర్ట్ బాయిల్ చెప్పాడు. గిన్నెలు ఎక్కినప్పుడు గాలి నింపుతారు, దిగాక తగ్గిస్తారు. పూర్తిగా మాత్రం తీయరు, తీస్తే బుడగ మడతపడి నలుగుతుంది. తార్నాకలో 2017 నవంబరు నుంచి నా తల మీదుగా పోతున్న మెట్రో పెట్టెల కిందా గాలి స్ప్రింగులే. ఆర్టీసీ గరుడ వోల్వోలకూ అంతే. పెద్దింటివాళ్ల సుఖం ఈ పేద వ్యానుకూ దక్కింది.

అసలు గండం ఆ తర్వాత వచ్చింది. నా తోక కుంగకపోవడం చూసి ఓనరు బామ్మర్దికి ఆశ పుట్టింది. "బావా, ఇంకో నాలుగు గిన్నెలు పడతయి" అన్నాడు. మెకానిక్ విని గయ్యిమన్నాడు: "బుడగలు ఎత్తును ఆపుతయి తమ్మీ, బరువును కాదు. బ్రేకులు పాతయే, బేరింగులు పాతయే, టైర్లు పాతయే. ఆర్‌సీల రాసిన బరువు మారిందా?" పాత రోజుల్లో తోక కుంగి, మోత మించిందని నేనే చెప్పేదాన్ని. ఇప్పుడు నా నడుము నిటారుగా ఉండటంతో ఆ హెచ్చరిక కంటికి కనబడదు. గాలి బుడగ తెచ్చే ముప్పుల్లో అది చిన్నదేం కాదు.

అందుకే నాలాంటి బండికి బుడగలు వేయించాలనుకునేవాళ్లు ముందు కమాన్లు చూపించుకోండి. పట్టా విరిగితే పట్టా మార్చాలి, బుడగ దానికి మందు కాదు. ఆర్‌సీ వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది కాబట్టి ఆర్టీవో ఆఫీసులో అడిగాకే స్పానరు పట్టించండి. గిన్నెల లెక్క ఆర్‌సీని చూసి వేయండి, నా నడుమును చూసి కాదు. మా ఇంట్లో అదే పద్ధతి. బామ్మర్ది నాలుగు గిన్నెలూ రెండో ట్రిప్పులో వస్తాయి.