ముందు ఆకలి వేయనివ్వండి

జనవరి ఒకటి వచ్చిందంటే మా ఇంట్లో ఫ్రిజ్జు తలుపు మీద ఒక చార్టు వెలుస్తుంది. బళ్ళో రాయించి పంపుతారు. కూరలు తింటాను, నీళ్ళు బాగా తాగుతాను, ఫోను తక్కువ చూస్తాను అని మా మనవడు రంగు పెన్సిళ్ళతో ముచ్చటగా రాశాడు. అంత బాగా రాశాడు కదా అని వాళ్ళమ్మ కేకు కోయించి, గ్లాసు నిండా కూల్‌డ్రింకు పోసింది.

మా రోజుల్లో మా ఊరు రావికమతంలో జనవరి ఒకటో తారీఖు ఎప్పుడొచ్చి ఎప్పుడు పోయిందో ఎవరికీ పట్టేది కాదు. మాకు పండగంటే సంక్రాంతే. ఆ చలిరోజుల్లో పిల్లలకి ఏం పెట్టాలో చార్టులు చెప్పలేదు, ఊరే పెట్టింది. రేగుపళ్ళు, కాల్చిన తేగలు, ఉప్పేసి ఉడకబెట్టిన కందికాయలు, నువ్వులూ బెల్లం కలిపి దంచిన ఉండలు. చెరకు నరికే కాలం కదా, బెల్లం వండే చోట పెనం చుట్టూ పిల్లమూకే. అనకాపల్లి మార్కెట్టుకి దిమ్మలు వెళ్ళకముందే మా నాలుకలు రుచి చూసేవి. తీపి మంచిది కాదని ఇప్పుడు అందరూ నాకు పాఠం చెబుతారు. సరే, ఒప్పుకుంటాను. కానీ ఆ బెల్లం ముక్క కోసం పొలం గట్లంట నడవాలి, చెరకు నమలాలంటే దవడలు నొప్పెట్టాలి. ఇప్పటి తీపి సీసాలో ఉంది. మూత తిప్పడమే కష్టం.

తెల్లారితే చోడి అంబలి. చోళ్ళంటే రాగులే. రాత్రి కాచి ఉంచినదాంట్లో మజ్జిగ పోసి, ఉల్లిపాయ నంజుకుని తాగి బడికి పోయేవాళ్ళం. మధ్యాహ్నం చోడి తోప, గోంగూరో ఉలవచారో ఏదో ఒకటి. వరన్నం పండక్కో, చుట్టాలొస్తేనో. అది గొప్పని ఇక్కడ చెప్పుకోవడం లేదు. చోళ్ళు తినేది లేమివల్లే. అందుకే 1983లో ముఖ్యమంత్రి ఎన్టీ రామారావుగారు కిలో బియ్యం రెండు రూపాయలకిస్తే మా ఇళ్ళల్లో పండగైంది. రోజూ వరన్నం తిన్నాం. ఆకలి తీరింది, ఆ మేలు మరిచిపోకూడదు. దాంతోపాటే చోళ్ళు తినడం నామర్దా అయిపోయింది. నూరు గ్రాముల చోళ్ళలో 340 మిల్లీగ్రాములకి పైగానే కాల్షియం ఉంటుందట, తెల్ల బియ్యంలో పది దాటదట. ఈ లెక్క అప్పుడెవరు చెప్పారు మాకు?

ఇప్పుడు చెబుతున్నారు, చాలా ఖరీదుగా చెబుతున్నారు. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అంది. అప్పటినుంచి మా కోడలు విశాఖపట్నం వెళ్ళినప్పుడల్లా రాగి బిస్కెట్లు తెస్తుంది. కళ్ళద్దాలు పెట్టుకుని పొట్లం వెనకాల సన్నక్షరాలు చదివాను. మొదట మైదా, తరవాత పంచదార, ఆ తరవాతెక్కడో చోళ్ళు.

ఇంకో తమాషా. సర్కారు బళ్ళో పిల్లలకి 2023 మార్చి నుంచి వారంలో మూడు రోజులు బెల్లం వేసిన రాగిజావ ఇస్తున్నారు. మిగతా మూడు రోజులు వేరుశనగ చిక్కీ. భోజనంలో కోడిగుడ్డు సరేసరి. ఆ మధ్యాహ్న భోజన పథకానికి ఒకప్పుడు గోరుముద్ద అని పేరు, 2024లో డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ప్రభుత్వాలు మారితే పేర్లు మారతాయి. ఊరు గజం కదలకుండానే మా జిల్లా విశాఖ పోయి అనకాపల్లి కాలేదూ! పేరెలా ఉన్నా జావ జావే. వేలకి వేలు ఫీజు కట్టి, వ్యానెక్కించి పంపిన మా మనవడి డబ్బాలో ఏముంటుందో తెలుసా? చల్లారి ముద్దకట్టిన నూడుల్సు.

ఇదేమిటమ్మా అంటే కోడలు ఒకటే మాట. "వాడేం తినట్లేదండీ మావయ్యగారూ, ఇదైనా తింటాడని."

ఎందుకు తింటాడు? బడి నుంచి వస్తూనే పది రూపాయల చిప్సు. కాసేపటికి బిస్కెట్లు. చీకటిపడ్డాక పాలల్లో చాక్లెట్టు పొడి. ఎనిమిదింటికి పప్పూ, తోటకూరా కలిపి పెడితే మూతి తిప్పేస్తాడు. నిండుకుండలో నీళ్ళు పోస్తూ, కుండ తాగట్లేదేమని బెంగపడితే ఎలా? అలా అలవాటుపడ్డ వాడు నోరు తెరవాలంటే మళ్ళీ ఫోనులో బొమ్మలు పెట్టాలి. మమ్మల్ని తినమని బతిమాలినవాళ్ళు లేరు. వడ్డించేసరికి కంచం ముందు కూర్చునేవాళ్ళం, ఆలస్యమైతే తమ్ముడు తినేస్తాడని భయం.

ఆ ఆకలి ఊరికే వచ్చిందా? చెడుగుడు, కర్రాబిళ్ళ, ఏడు పెంకులాట, కోతికొమ్మచ్చి, చెరువులో ఈత. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలు రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్ళలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గంటసేపు ఆడమని పిల్లలకి చెప్పాల్సిన రోజొస్తుందని మేం కలగనలేదు. మమ్మల్ని ఆట మానిపించడానికి మా అమ్మ చీపురు పట్టుకుని వీధిలోకొచ్చేది.

మీ కాలమంతా బంగారమా తాతా అంటారేమో. కాదు. తట్టు సోకి పోయిన పిల్లలున్నారు, పూట గడవని ఇళ్ళున్నాయి, కడుపులో పాములతో పొట్టలుబ్బిన వాళ్ళున్నారు. ఆ రోజులు తిరిగి రావాలని ఏ బుద్ధున్నవాడూ కోరడు. కానీ ఇన్ని వచ్చాక కూడా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఏమంది? ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 63 మందికి రక్తహీనత అంది. తోటకూరా, మునగాకూ పెరటినిండా పెరిగే చోట!

బడి గేటుకి 50 మీటర్ల లోపు కొవ్వూ, ఉప్పూ, పంచదారా మితిమీరిన తిండి అమ్మకూడదని 2020లో కేంద్రం రూలు పెట్టింది. మంచి రూలే. టేపు పట్టుకుని కొలిచేవాడెవడో నాకు కనపడలేదు. అయినా కొట్టువాణ్ణి అనుకుని ఏం లాభం? మన వంటింటి అలమరా పిల్లాడికి ఐదు మీటర్ల దూరంలోనే ఉంది.

అందుకని ఈ ఏడాది మా ఇంటికి నా రూల్సు నేనే పెట్టాను. బడి నుంచి వచ్చాక ఒక పండో, గుప్పెడు వేయించిన వేరుశనగలో, అంతే. తరవాత వీధిలోకి తోలెయ్యడం. అన్నం దగ్గర ఫోను లేదు, మా అబ్బాయికీ లేదు. అందరూ ఒకేసారి కూర్చోవాలి. తినకపోతే బతిమాలొద్దు, మళ్ళీ పూటకి వాడే అడుగుతాడు. పొట్లాలు కొనే డబ్బులతో చోళ్ళు కొని పిండి ఆడించడం. మరీ మొండివాడినైపోతున్నానని ఇంట్లో గొణుగుతున్నారు. చుట్టుపక్కల వాళ్ళు కూడా నాకు నచ్చజెప్పాలనుకుంటే నిరభ్యంతరంగా రావచ్చు. కాకపోతే బండెక్కి కాదు, నడిచి రండి. అంబలి ఇస్తాను.