పక్షుల పండగకి పక్షులెందుకు?

పక్షుల పండగ చెయ్యాలంటే ముందు పక్షులు కావాలనుకునే అమాయకులు ఇంకా ఉన్నారు. పండగకి కావలసిన సరంజామా వేరు. వేదిక కావాలి. దాని మీద రెండు వరసల కుర్చీలు కావాలి. ముందు వరసలో ఎవరు, వెనక వరసలో ఎవరు అని రాత్రంతా కూచుని తేల్చే అధికారి ఒకాయన కావాలి. శాలువాలు, మెమెంటోలు, బొకేలు, జ్యోతి ప్రజ్వలనకి గాలికి ఆరిపోని వత్తులు కావాలి. ఫ్లెక్సీలు సరేసరి. నాయకుల మొహాలన్నీ సర్దాక కింద మూల జానెడు జాగా మిగిలితే అక్కడ ఒక కొంగని నిలబెట్టొచ్చు. అది పులికాట్ సరస్సుకి వచ్చే కొంగా, ఆఫ్రికా దాటి ఎన్నడూ రాని కొంగా అన్నది ఫ్లెక్సీ కొట్టు కుర్రాడి దయ.

మా సూళ్లూరుపేటలో పక్షుల పండగ, అదే ఫ్లెమింగో ఫెస్టివల్, 2001లో మొదలైంది. అప్పుడు మాది నెల్లూరు జిల్లా. 2022లో తిరుపతి జిల్లా అయ్యాం. బోర్డులు మారాయి, రబ్బరు స్టాంపులు మారాయి. పక్షులు మాత్రం తాము ఏ కలెక్టరు గారి పరిధిలో దిగుతున్నాయో పట్టించుకున్న దాఖలా లేదు. 2020 జనవరి తర్వాత కొన్నేళ్లు పండగ జరగలేదు, మళ్లీ 2025 జనవరిలో మూడు రోజులు జరిపారు. మధ్యలో పండగ లేదని అలిగి పక్షులు రావడం మానేశాయా? లేదు. నీళ్లున్న ఏడు గుంపులుగా దిగాయి, లేని ఏడు పల్చగా దిగాయి. ఆహ్వాన పత్రిక అందలేదని ఒక్కటీ నిలదీయలేదు. ఇంత ప్రోటోకాల్ తెలియని జాతికి మళ్లీ మళ్లీ పండగ చెయ్యడం మన పెద్ద మనసు కాక మరేమిటి?

పండగంటే నాకు గిట్టదని కాదు. పిల్లలు పీచుమిఠాయి తినాలి, రంగులరాట్నం ఎక్కాలి, ఇంటాయన ఒక సాయంత్రమైనా ఇంటావిడతో కలిసి బజ్జీలు తినాలి. శ్రీహరికోట నుంచి ఆకాశంలోకి పోయే రాకెట్టు తప్ప వేరే వినోదం లేని ఊళ్లకి మూడు రోజుల సందడి న్యాయంగా రావలసిన బాకీయే. నాకు ముచ్చటేసేది ఆ సందడికి మధ్యలో పెట్టే చదువుల భాగం. అవగాహన సదస్సు, హస్తకళల కార్యశాల, కుటుంబ సమేత ప్రకృతి విహారం లాంటివి. ఇది ఒక్క సూళ్లూరుపేట విద్య కాదు. ఏ జిల్లా ఉత్సవానికి పోయినా ఇదే వరస. తెలియనివాళ్లు మైకు పట్టుకుంటారు, తెలిసినవాళ్లు ప్లాస్టిక్ కుర్చీల్లో కూచుని వింటారు.

సదస్సు ఎలా ఉంటుందో మీకు తెలియనిదా? పది గంటలకని చెప్పి ఎనిమిదికే జనాన్ని వ్యాన్లలో దించుతారు. వక్త గారు పన్నెండింటికి వస్తారు. దారిలో ట్రాఫిక్కట. ల్యాప్‌టాప్ తెరుస్తారు, తెర మీద ఇంగ్లీషు వెలుగుతుంది. చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు మనదని చెప్తారు. ఆ మాట ఎవరికి చెప్తున్నారు? మోకాటి లోతు నీళ్లలో పుట్టి పెరిగినవాళ్లకి. రొయ్యపిల్ల ఏ పోటుకి లోపలికొస్తుందో, ఏ గాలికి చేప ఒడ్డు పడుతుందో, ఏ నెలలో నీళ్లు నాలుక మీద చేదుగా తగులుతాయో ఎరిగినవాళ్లకి. వాళ్లకి వక్త గారు చెప్పే ఉపదేశం ఒకటే. "సరస్సును మీరే కాపాడుకోవాలి."

ముందు వరసలో ముసలాయన ఒకడు లేచి, "కాపాడతాం సార్. సముద్రం మొగ తెరిపీండి. నీళ్లు నిలబడితే పక్షులు అయ్యే వస్తాయి" అన్నాడనుకోండి. వక్త గారి దగ్గర దానికి స్లైడు లేదు. సమయాభావం వల్ల ప్రశ్నోత్తరాలు రద్దు. భోజనాల దగ్గర పెరుగన్నం సిద్ధం.

ఆ ముసలాయన అడిగినదాంట్లో ఉన్న శాస్త్రమంతా ఇంతే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాలు పట్టి వానలు కురిస్తే కాళంగి, ఆరణి లాంటి ఏర్లు మంచినీళ్లు తెచ్చిపోస్తాయి. అటు నుంచి ముఖద్వారాల గుండా సముద్రం పోటు మీద ఉప్పునీళ్లు వస్తాయి, వాటితో రొయ్యపిల్లలు, చేపపిల్లలు వస్తాయి. రెండు నీళ్లూ కలిసినప్పుడే పులికాట్ పులికాట్‌గా ఉంటుంది. రాయదొరువు వైపు ముఖద్వారం ఇసుక మేటలేసి పూడుకుపోతే సముద్రం గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతుంది. లోపల నీళ్లు ఎండకి ఇగిరి, ఉప్పెక్కి, వేసవికి మైళ్ల కొద్దీ బయలు తేలుతుంది. అప్పుడు పడవ నడిచిన చోట మోటార్‌సైకిలు నడుస్తుంది. దీనికి తోడు సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకి సరస్సు నడుం మీదుగా వేసిన రోడ్డు నీళ్లని ఇటూ అటూ చేసింది. చేప కోసం మనవాళ్లు దక్షిణానికి పోతారు. అక్కడ తమిళనాడు జాలర్లతో సరిహద్దు తగాదా. పూడిక తియ్యండని మత్స్యకారులు అడుగుతున్నది నిన్నా మొన్నా కాదు. వాళ్లు అడుగుతూనే ఉన్నారు, మనం అవగాహన కల్పిస్తూనే ఉన్నాం.

ఫ్లెమింగో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పత్రికలు దీన్ని సముద్రపు రామచిలుక అని రాస్తాయి. తల కిందులుగా పెట్టి, ముక్కుతో బురదనీళ్లు జల్లించి, నాచూ సన్నరొయ్యా ఏరుకుని తింటుంది. దాని గులాబీ రంగు పుట్టుకతో వచ్చింది కాదు, ఆ తిండిలోంచి వచ్చింది. తిండి తగ్గితే రంగు వెలుస్తుంది. మన స్వాగత తోరణం మీది గులాబీ రంగుకి ఆ గండం లేదు. మొదటి రకం ఫ్లెక్సీ, రెండేళ్ల గ్యారంటీ.

ఇక ప్రకృతి విహారం. తలకి టోపీలు, మెడలో బ్యాడ్జీలు, చేతిలో నీళ్ల సీసాలు. ముందు నడిచే గైడు గారు ఒక్కో చెట్టు దగ్గరా ఆగి లాటిన్ పేరు చదువుతారు. ఇదే నేల మీద, శ్రీహరికోట అడవిలో, ఏ దుంప తినొచ్చో, ఏ ఆకు పాముకాటుకి కడతారో, తేనె ఏ చెట్టుకి పడుతుందో తెలిసిన యానాదులు తరతరాలుగా బతికారు. రాకెట్ల కేంద్రానికి దీవిని ఎంచుకున్నది 1969లో. తొలి రాకెట్టు 1971 అక్టోబరులో లేచింది. యానాదులు అంతకు ముందే లేవాల్సి వచ్చింది. అడవి తెలిసినవాళ్లని అడవిలోంచి పంపించి, అడవిని తెలుసుకోవడానికి టికెట్టు పెట్టడం మనకే చెల్లింది. విహారంలో యానాదులకీ చోటుంటుంది, కాదనను. బస్సు దిగిన చోట తాగిపారేసిన సీసాలు ఏరడానికి.

నేలపట్టుకి పోదాం. దొరవారిసత్రం మండలంలో 1976లో అభయారణ్యంగా ప్రకటించిన చోటు. చెరువు నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు గూళ్లు పెడతాయి, గుడ్లు పెడతాయి, పిల్లల్ని సాకుతాయి. వాటి రెట్ట కలిసిన చెరువునీళ్లు పొలాలకి పారితే పైరు బాగుంటుందని రైతులకి తెలుసు. అందుకే ఆ ఊళ్లకి పక్షి అంటే చుట్టం. ఆ సంసారమంతా నడిచేది చలికాలంలోనే, మన పండగ పడేదీ అప్పుడే. పురిటింటికి బస్సులేసుకుని చూపులకి పోయినట్టు పోతాం. గేటు దగ్గర "నిశ్శబ్దం పాటించండి" అని బోర్డు ఉంటుంది. ఆ బోర్డు ముందు నిలబడి, ఆ బోర్డుతో సహా సెల్ఫీ దిగి, "రేయ్, ఇక్కడ సైలెంటుగా ఉండాలంట్రా!" అని అవతల గట్టు మీదున్న బావమరిదికి కేకేస్తాం. రాకెట్టు మోతకే అలవాటు పడిన పక్షులు మన కేకలకి బెదురుతాయా అని వాదించే మేధావులు ఊరికొకరు తయారు. రాకెట్టు ఒక్కసారి లేస్తే తిరిగి రాదయ్యా. బావమరిది వస్తాడు.

హస్తకళల కార్యశాల దగ్గరికి వచ్చేసరికి నాకు నోరు కట్టుకోవడం చేతకాదు. జిల్లాలో శ్రీకాళహస్తి ఉంది కాబట్టి కలంకారీ తప్పదు. "రెండు గంటల్లో కలంకారీ! కుటుంబంతో కలిసి నేర్చుకోండి! టీ, బిస్కట్లు ఉచితం." రెండు గంటల్లో ఏమవుతుందో లెక్కేద్దాం. గుడ్డని కరక్కాయ కలిపిన పాలల్లో ముంచాలి, పిండాలి, ఎండబెట్టాలి. చింతబరికెలు కాల్చిన బొగ్గుతో బొమ్మ వెయ్యాలి. నలుపు గీతకి కసిమి కావాలి. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వారాల తరబడి ఊరితేగానీ అది కసిమి కాదు. ఎరుపుకి పటిక పుయ్యాలి, చెక్కా వేరూ వేసి ఉడకబెట్టాలి, పారే నీళ్లలో జాడించాలి, మళ్లీ పాలు పెట్టాలి, మళ్లీ ఎండాలి, తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం. నీళ్లు సరిగ్గా లేకపోతే రంగు మాట వినదు. ఆ పనివాడికి నది తోడుండాలి, ఎండ తోడుండాలి, అన్నింటికన్నా ఓపిక తోడుండాలి.

కార్యశాలలో ఇవన్నీ ఒక మార్కర్ పెన్నుగా మారతాయి. అచ్చేసిన నెమలి మీద గీతలు దిద్దితే అయిపోయింది. రెండో గంట చివర సర్టిఫికెట్లు పంచుతారు. నేర్పడానికి వచ్చిన పెద్దాయన చిన్నప్పటి నుంచీ కలం పట్టినవాడు, ఆయనకి సర్టిఫికెట్టు లేదు. నేర్చుకున్న వాళ్లకి ఉంది. ఆయనకి శాలువా కప్పుతారు. చేతిపనికి చేసిన ఆ సన్మానపు శాలువా పాలిస్టరు, మరమగ్గం మీద నేసింది. పక్కనే చేనేతకి పేరున్న వెంకటగిరి ఉన్న సంగతి శాలువా కొన్న గుమాస్తాకి ఎవరూ చెప్పినట్టు లేరు.

ఒకప్పుడు ఈ తీరానికొచ్చిన డచ్చివాళ్లు చేతిపని విషయంలో మనంత ఉదారులు కారు. 1613లో సరస్సు దక్షిణపు కొసన పులికాట్ ఊళ్లో గెల్డ్రియా కోట కట్టి కూచుని, ఈ తీరంలో నేసిన గుడ్డలు, రంగులద్దిన గుడ్డలు ఓడలకెత్తి, తూర్పు దీవుల్లో సుగంధ ద్రవ్యాలకి మారుబేరం చేశారు. ఆ ఓడల్లోనే మనుషుల్నీ బానిసలుగా ఎక్కించి బటేవియాకి తోలారు. దుర్మార్గులే, సందేహం లేదు. కాకపోతే చెయ్యి తిరిగినవాడి గుడ్డ ఖరీదు వాళ్లకి తెలుసు. మనకి ఆ చెయ్యి ఫోటో కావాలి, దాని పక్కన మన చెయ్యి కావాలి.

భీమునివారిపాళెంలో పడవ షికారు ఉంటుంది. పట్నం కుటుంబం నారింజరంగు జాకెట్లేసుకుని పడవెక్కి, గాలి తగిలితే కేరింతలు, నీటి చుక్క తగిలితే కేకలు. చుట్టూ రక్షణ సిబ్బంది, ఒడ్డున అంబులెన్సు. బాగుంది. అదే రేవులో ఇరకం దీవి మనిషి బియ్యం మూట, మందుల సంచీ, ముసలి తల్లితో పడవ కోసం చూస్తుంటాడు. ఆయనకి అది షికారు కాదు, ఊరికి పోయే దారి. పండగ అయిపోయాక అంబులెన్సు వెళ్లిపోతుంది, ఇరకం ఇరకంలోనే ఉంటుంది.

చిత్రలేఖనం పోటీకి అంశం "అందాల పులికాట్". నీలం నీళ్లు, గులాబీ పక్షులు, మూల ఒక రాకెట్టు గీసినవాళ్లకి ప్రథమ బహుమతి ఖాయం. ఒడ్డు పాళెం పిల్ల ఎవరైనా ఉన్నది ఉన్నట్టు గీసి, బూడిదరంగు నేల, బీటలు, వాలిపోయిన పడవ, దాని నీడలో కుక్క వేసి ఇచ్చిందా, "అంశానికి దూరంగా ఉంది" అని న్యాయనిర్ణేతలు పక్కన పెడతారు.

ఈ సరస్సుకి ప్రళయకావేరి అని పేరుంది. స.వెం.రమేశ్ "ప్రళయకావేరి కథలు" రాసి ఇక్కడి దీవుల బతుకునీ మాటనీ అచ్చులోకి ఎక్కించారు. వక్తలకి దారి ఖర్చులిచ్చే ముందు ఆ పుస్తకం ఒక్కటి చేతికిచ్చి, మర్నాడు పదిమంది జాలరి ఆడవాళ్ల ముందు మౌఖిక పరీక్ష పెట్టొచ్చు. మార్కులు వాళ్లే వేస్తారు. నూటికి ముప్పై అయిదు దాటినవాళ్లకే మైకు. ఈ లెక్కన మొదటి రెండు మూడేళ్లూ సదస్సు జరగకపోవచ్చు, పెరుగన్నం మాత్రం అందరికీ పెట్టండి.

నాదింకో మనవి. వేదిక లేనిదే ప్రభుత్వానికి పని తోచదని మాకు అర్థమైంది, అందుకని వేదిక వద్దనం. దాన్ని కాస్త తూర్పుకి జరిపి రాయదొరువు ఇసుక మేట మీద వెయ్యండి. జ్యోతి ప్రజ్వలన బదులు ముఖ్య అతిథికి పార ఇవ్వండి. గౌరవ అతిథులకి తట్టలు. మాట్లాడాలనుకున్న ప్రతివాడూ నిమిషానికో తట్ట ఇసుక మోసి పొయ్యాలని నియమం పెట్టండి. మన నాయకుల ఉపన్యాసాల పొడుగు తెలిసినవాణ్ని కనక చెప్తున్నాను, మూడో రోజుకి సముద్రం లోపలికొస్తుంది. అది కుదరదంటే డ్రెడ్జరే తెప్పించండి. దానికి గులాబీ రంగు వేయించండి, ముక్కు అతికించండి, రిబ్బన్ కట్టండి, సినిమా పాట పెట్టించండి, దాని ముందు వరసగా నిలబడి ఫోటోలు దిగండి. ఫ్లెక్సీ మీద ఎవరి మొహం ఎంత పెద్దగా ఉన్నా మేం అడగం.